నమూనా చేసి చూపిన తెలుగు యంత్రకారుడు: శ్రీ అయ్యగారి సాంబశివరావు గారి జీవితం

ఉగాది పండుగకు మన క్యాంపులలోని బంధుమిత్రులందరూ ఒకచోట చేరే ఈ శుభసమయంలో ఒక తెలుగు మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. కవులను గురించి, దేశభక్తులను గురించి మనం తరచుగా చెప్పుకుంటాము. యంత్రాలు చేసినవారిని తలచుకొనడం మాత్రం తక్కువ. అందువలన ఈసారి ఒక యంత్రకారుని గురించి వ్రాయదలచినాము. ఆయన పేరు అయ్యగారి సాంబశివరావు. హైదరాబాదు వెళ్ళివచ్చే మనవారు ఏ.ఎస్‌.రావు నగర్ అనే పేరు వినే ఉంటారు. ఆ పేటకు పేరిచ్చిన రావు గారు ఎవరో, ఏమి చేసినారో తెలిసినవారు మాత్రం మనలో తక్కువమంది.

సిరవార ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఈ కథ దగ్గరదని మా నమ్మకం. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై, ఎడమ కాలువ నీరు రాయచూరు జిల్లా నల్లరేగడి మీదికి వచ్చిన తరువాతనే గదా గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి మన పెద్దలు ఈ వైపునకు వచ్చినారు. ముళ్ళకంపలు కొట్టి, నేల చదును చేసి, గట్లు వేసినారు. నేల గుణం కొత్త, కాలువ వంతు కొత్త, చుట్టూ వినిపించే భాష కొత్త. అటువంటి చోట కొత్త వంగడం వచ్చినప్పుడు పొలమంతా దానికే ఒప్పగించడం ప్రమాదం. తెలివిగల రైతు ముందుగా పది సెంట్ల మడిలో వేసి చూస్తాడు. తెగులు పట్టినా, తాలు పోయినా పోయేది పది సెంట్లే. తెలిసేది మాత్రం పొలమంతటికీ పనికివస్తుంది. ఆ పది సెంట్ల మడినే యంత్రవిద్యలో నమూనా అంటారు. సాంబశివరావు గారు తమ జీవితమంతా అటువంటి మడులు వేసినవారు. వారి మడులలో పండినవి యంత్రాలు, అంతే భేదం.

వారు 1914వ సంవత్సరం సెప్టెంబరు 20వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించినారు. భీమవరానికి చేరువలో, పచ్చని వరిచేల మధ్య ఉన్న ఊరు అది. అల్లూరి సీతారామరాజు గారి కుటుంబానికి సంబంధించిన ఊరుగా కూడా దానికి ప్రసిద్ధి ఉన్నది. ఆ డెల్టా పల్లె నుండి బయలుదేరి సాంబశివరావు గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి పోయి భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పట్టం పుచ్చుకొని, అక్కడనే అధ్యాపకులైనారు. ఆ రోజులలో పల్లెటూరి పిల్లవాడు కాశీ దాకా వెళ్ళి చదవడమే గొప్ప. వారు అంతటితో తృప్తిపడక, 1946లో టాటా వారి విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగు చదవడానికి ఓడ యెక్కినారు. రేడియో, రాడారు వంటి సాధనాలు యుద్ధకాలంలో పెరిగి పెద్దవైన తరుణమది. ఎలక్ట్రానిక్స్ అనే విద్యకు ముందున్న కాలమంతా తనదే అన్నట్లున్న రోజులు.

చదువు ముగించి స్వదేశానికి తిరిగి వచ్చిన రావు గారు బొంబాయిలో డాక్టరు హోమీ భాభా గారి వద్ద, టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరినారు. అక్కడ మొదట విశ్వకిరణాల పరిశోధన. ఆకాశం నుండి వచ్చే కంటికి కనబడని కణాలను లెక్కించవలెనంటే అందుకు తగిన పరికరం కావలె. అటువంటివి ఆనాడు మన బజారులో దొరికేవి కావు. విదేశం నుండి తెప్పించవలెనంటే డబ్బు, అనుమతి, నెలల తరబడి నిరీక్షణ. పరికరం కావలసినవాడే పరికరం చేసుకొనవలసిన స్థితి అది. శాస్త్రజ్ఞుడుగా ప్రవేశించిన రావు గారిని యంత్రకారునిగా మలచినది ఈ స్థితియే అని మేము తలుస్తాము.

దేశంలో అణుశక్తి కార్యక్రమం ఆరంభమైనప్పుడు ఎలక్ట్రానిక్స్ శాఖ భారం వారిపై పడినది. ఆసియా ఖండంలో సోవియట్ భూభాగం వెలుపల ప్రప్రథమ అణు రియాక్టరు అయిన అప్సర 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టినది. దాని ఇంధనం బ్రిటన్ నుండి వచ్చినది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ సాధనాలు మాత్రం రావు గారి నాయకత్వాన మనవారు ఇక్కడ చేసినవే.

ఈ పని ఎంతటిదో చెప్పడానికి ఒక మాట విడమరచవలె. రియాక్టరు గర్భంలో కణాల సంఖ్య క్షణక్షణమూ మారుతుంటుంది. దానిని లెక్కించే సాధనం ఒకటి, హద్దు మీరితే అదుపు కడ్డీలను లోపలికి దింపే సాధనం ఒకటి కావలె. తీగ తెగినా, కరెంటు పోయినా ఆ కడ్డీలు వాటంతటవే జారిపడే విధంగా ఏర్పాటుండవలె. ఇటువంటి యంత్రాన్ని కాగితం మీద గీసి నేరుగా రియాక్టరుకు తగిలించడానికి వీలులేదు. ముందుగా బల్లమీద భాగాలు పరచి, తీగలు కలిపి, కొలతలు చూచి, తప్పు దొరికినచోట అతుకు విప్పి మళ్ళీ కలపవలె. బల్లమీద జరిగిన తప్పు వలన ఎవరికీ హాని లేదు. రియాక్టరులో జరిగిన తప్పును దిద్దుకొనే అవకాశం ఉండకపోవచ్చు. నమూనా అనేది ఆటవస్తువు కాదు, తప్పులు చవకగా చేసుకొనే చోటు అని ట్రాంబే బల్లలు నేర్పినాయి.

అదే సమయాన అదే టాటా సంస్థలో మరొక బృందం, డాక్టరు ఆర్. నరసింహన్ గారి ఆధ్వర్యంలో, మన దేశంలో మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరును నిర్మిస్తున్నది. వారు కూడా మొదటనే పెద్ద యంత్రం జోలికి పోలేదు. ముందుగా ఒక చిన్న మచ్చు యంత్రం చేసినారు. అది 1956లో పనిచేసినది. దాని వలన నేర్చుకొన్న దానితో పెద్ద యంత్రం కట్టినారు. అది 1959 నాటికి సిద్ధమై, 1960 నుండి పనిలో ఉండి, 1962లో టిఫ్రాక్ అనే పేరు పొందినది. దానిలో సుమారు 2,700 వాక్యూం గొట్టాలు ఉండేవి. దాని జ్ఞాపకశక్తి 2,048 పదాలు. అయితే అది పూర్తియయ్యే వేళకు ఇతర దేశాలలో గొట్టాలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినాయి. మచ్చు చేసినవారి తెలివిలో లోపం లేదు. కాలం వారికంటె వేగంగా నడిచినది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలె. రావు గారి కథలో ఇదే చిక్కు మళ్ళీ ఎదురవుతుంది.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు సైన్యానికి కావలసిన వైర్‌లెస్, రాడారు సాధనాల విషయంలో మనం ఎంత వెనుకబడి ఉన్నామో దేశానికి తెలిసినది. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను గురించి ఆలోచించడానికి 1963లో ప్రభుత్వం భాభా గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. సభ్యులలో విక్రం సారాభాయి గారితోపాటు ఇద్దరు తెలుగువారు ఉండడం మనకు గర్వకారణం. ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన డాక్టరు సూరి భగవంతం గారు, రెండవవారు మన సాంబశివరావు గారు. పదేళ్ళలో ఈ రంగంలో దేశం తన కాళ్ళమీద తాను నిలబడవలెనన్నది ఆ సంఘం సూచించిన మార్గం. 1965లో రావు గారికి ఇంజనీరింగు శాస్త్రాలలో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానం లభించినది. 1966 జనవరి 24వ తేదీన భాభా గారు ఆల్ప్స్ పర్వతాలలో విమాన ప్రమాదంలో మరణించినారు. పెద్దదిక్కు పోయిన తరువాత ఆ ఆలోచనను ఆచరణలోకి తెచ్చే బరువు మిగిలినవారి భుజాలమీద పడినది.

ప్రయోగశాలలో ఒక యంత్రం చేయడం ఒక విద్య; దానినే వందలుగా, ఒకే తీరుగా, చెడిపోకుండా చేయడం మరొక విద్య. ఈ రెంటి నడుమనున్న గండిని పూడ్చడానికి 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఏర్పడినది. మనవారు దానిని ఈ.సి.ఐ.ఎల్. అంటారు. దాని స్థాపకులు రావు గారు. బొంబాయిలో పేరు, పదవి సంపాదించుకొన్న వ్యక్తి యాభై దాటిన వయస్సులో హైదరాబాదు శివార్లలోని ఖాళీ నేలమీదికి వచ్చి కార్ఖానా నిలబెట్టడానికి పూనుకొన్నారు. కొత్త నేలను బాగుచేయడమంటే ఏమిటో తెలిసిన మన క్యాంపులవారికి ఆ సాహసం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ.సి.ఐ.ఎల్. చేసిన వస్తువులు అనేకం. అణు సాధనాలు చేసినది, టెలివిజన్ పెట్టెలు చేసినది. మేము ముఖ్యంగా చెప్పదలచినది కంప్యూటర్ల సంగతి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో రూపొందిన టి.డి.సి.-12 అనే యంత్రాన్ని 1969 జనవరిలో విక్రం సారాభాయి గారు ప్రారంభించినారు. పేరులోని మొదటి మూడు అక్షరాలకు ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అని అర్థం; 12 అన్నది అది ఒక్కసారిగా పట్టుకొనగల అంకెల సంఖ్య. ఇది వేళకు జవాబు చెప్పే యంత్రం. జీతాల పట్టిక లెక్కవేసే యంత్రం కొంత ఆలస్యమైనా నష్టం లేదు. రియాక్టరును, రాడారును కనిపెట్టే యంత్రం క్షణం ఆలస్యమైతే దాని జవాబుకు విలువ లేదు. ట్రాంబేలో పుట్టిన ఆ నమూనాను తీసుకొని హైదరాబాదులో అమ్మకానికి తగిన యంత్రాలుగా చేసినారు. తరువాత 1970లలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనేవి వచ్చినాయి. 1971 నుండి 1978 వరకు సుమారు నూరు కంప్యూటర్లు ఈ సంస్థ నుండి దేశంలోని ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు చేరినాయి.

కంప్యూటరు నమూనాలో ఉన్న కష్టం మామూలు యంత్రానికి లేదు. నీళ్ళ ఇంజను తిరగకపోతే లోపం ఇంజనులోనే వెదుకుతాము. కంప్యూటరు తప్పు చెప్పితే లోపం తీగలలో ఉన్నదా, దానికి వ్రాసి ఇచ్చిన ఆజ్ఞలలో ఉన్నదా అన్నది వెంటనే తెలియదు. ఆ ఆజ్ఞల వరుసనే ప్రోగ్రాం అంటారు. ఆ కాలంలో ప్రోగ్రామును కాగితపు పట్టీమీద రంధ్రాలుగా పొడిచి యంత్రానికి అందించేవారు. రెండూ కొత్తవే, రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవే. కాబట్టి యంత్రం చేసేవారు, ప్రోగ్రాం వ్రాసేవారు ఒక బల్ల దగ్గర కూర్చుండక తప్పదు. యంత్రం పూర్తిచేసి తరువాత ప్రోగ్రాం సంగతి చూతమనుకొంటే, కాలువ తవ్వి ముగించిన తరువాత తూము ఎక్కడ పెట్టవలెనో ఆలోచించినట్లవుతుంది.

పొగడ్తలతో సరిపెట్టడం మహనీయులకు మర్యాద కాదు కనుక మరొక పక్క కూడా చెప్పవలె. అమెరికాలో డిజిటల్ అనే కంపెనీ పి.డి.పి.-8 అనే 12 అంకెల చిన్న కంప్యూటరును 18,000 డాలర్లకు 1965లోనే బజారులో పెట్టినది. మన 12 అంకెల యంత్రం నమూనాగా వెలువడేసరికి నాలుగేళ్ళు గడిచినాయి. మనం విడివిడి ట్రాన్సిస్టర్లతో పనిచేస్తుండగా అక్కడ అనేక ట్రాన్సిస్టర్లను ఒకే చిప్పులో ఇమిడ్చే పద్ధతి వ్యాపించినది. నమూనా చేయడం వచ్చినది. త్వరగా చేయడం, చేసినదానిని త్వరగా మార్చడం మాత్రం అందలేదు. విడిభాగాలు దిగుమతి కావలె, అందుకు లైసెన్సు కావలె, విదేశీ మారకం కావలె. నమూనాకు ప్రాణం వేగం. నారు ముదిరిపోయిన తరువాత నాటితే పైరు అందుకొనదు గదా! 1978లో ఐ.బి.ఎం. కంపెనీ దేశం విడిచి వెళ్ళినది; ఆ రోజులలోనే ప్రయివేటు కంపెనీలకు చిన్న కంప్యూటర్లు చేయడానికి అనుమతులు లభించి, ఈ.సి.ఐ.ఎల్. ఒంటరి ఆధిక్యం ముగిసినది.

మరి రావు గారి శ్రమ వృథా అయినదా? కానే కాదని మా అభిప్రాయం. యంత్రం పాతబడుతుంది, దానిని చేసిన చేతులకు అబ్బిన విద్య పాతబడదు. ఆ విద్య ఎక్కడికి చేరినదో చెప్పడానికి మనందరికీ తెలిసిన ఒక వస్తువును చూపుతాము. అది ఓటు యంత్రం. ఎన్నికల సంఘం కోరిక మీద ఈ.సి.ఐ.ఎల్. వారు 1979లో దాని నమూనా తయారుచేసినారు. 1980 ఆగస్టు 6వ తేదీన దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపినారు. 1982లో కేరళలోని పరూరు శాసనసభా నియోజకవర్గంలో యాభై పోలింగు కేంద్రాలలో వాడి చూచినారు. ఆ చిన్న పరీక్ష వలన యంత్రంలో కాక చట్టంలో ఉన్న లోపం బయటపడినది. యంత్రంతో ఓటు వేయించడానికి చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1988 డిసెంబరులో చట్టాన్ని సవరించినారు. 1998లో కొన్ని నియోజకవర్గాలలో వాడి, 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వాడినారు. యాభై కేంద్రాలలో కనబడిన లోపం దేశమంతటా ఒకేసారి కనబడి ఉంటే ఎంత గందరగోళమయ్యేదో ఊహించుకొనవచ్చు. పది సెంట్ల మడి విలువ అది.

సాంబశివరావు గారికి 1972లో పద్మభూషణ్ బిరుదు లభించినది. వారు 2003 అక్టోబరు 31వ తేదీన పరమపదించినారు. తాము నాటిన సంస్థలో పుట్టిన ఓటు యంత్రం దేశమంతటా వాడకంలోకి రావడం వారు చూడలేదు. అది కొద్ది నెలల తరువాతి మాట. ఈ.సి.ఐ.ఎల్. ఉద్యోగులు నివాసాలు కట్టుకొన్న పేట వారి పేరుతో నేటికీ విలసిల్లుతున్నది.

ఇక ఈ కథ మన ఇళ్ళకు ఏమి చెప్పుచున్నదో ఒక్క మాట. మన క్యాంపులలోని పిల్లలు ఇప్పుడు రాయచూరు, బెంగళూరు, హైదరాబాదు కాలేజీలలో ఇంజనీరింగు చదువుతున్నారు. వారి కొరకు తలిదండ్రులు పొలం తాకట్టు పెట్టిన ఇళ్ళు కూడా ఉన్నవి. అయితే చివరి సంవత్సరంలో చేయవలసిన ప్రాజెక్టును సొంతంగా చేయక, నగరంలో డబ్బిచ్చి తయారుగా కొని, అట్టవేసి ఒప్పగించే అలవాటు అంతటా ప్రబలినది. ఇది మనకు బాధ కలిగించే విషయం. కాలువ చివరి పొలంవానికి నీటిచుక్క విలువ తెలిసినట్లు, అప్పుచేసి చదివించే తండ్రికి ఆ చదువు విలువ తెలుసు. కొన్న ప్రాజెక్టుతో మార్కులు వస్తాయి, విద్య రాదు. ఊడ్చని మడిలో పంట కోస్తామనడం వంటిది అది.

రావు గారి కాలంలో ఒక తీగ మార్చాలంటే అతుకు కాల్చి విప్పవలె, ఒక చిన్నభాగం కొరకు నెలలు ఆగవలె. నేటి పిల్లలకు ఆ చెర లేదు. ఆర్డువినో వంటి చిన్న పలకలు కొద్ది వందల రూపాయలకు దొరుకుతున్నవి. లోపలి అమరికనే మళ్ళీ మళ్ళీ మార్చి వ్రాసుకొనగల చిప్పులు 1985 నుండి బజారులో ఉన్నవి. వాటితో ఉదయం అనుకొన్న యంత్రాన్ని సాయంత్రానికి బల్లమీద పరీక్షించి, తప్పు తెలుసుకొని, మరునాడు మార్చి చూడవచ్చు. ఆనాడు కొరవడిన వేగం నేడు విద్యార్థి అరచేతిలో ఉన్నది. ఇంకను కొరత ఏదైనా ఉంటే అది తప్పు చేయడానికి జంకని మనస్సు, ఆ తప్పును సహించే పెద్దల ఓర్పు.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి ఇది. మీ పిల్లవాడు ఇంటికి వచ్చి మోటారు స్టార్టరుకో, కాలువ తూము నీటిమట్టానికో ఒక చిన్న సాధనం చేస్తానంటే వద్దనకండి. మొదటిది పనిచేయదు, రెండవది కొంత పనిచేస్తుంది, మూడవ దానికి పొరుగు క్యాంపువారు చూడవస్తారు. మన పెద్దలు ఈ నేలమీద మొదటి ఏటనే బంగారం పండించలేదు. ఆ ఓర్పును పిల్లలకు ఆస్తిగా ఇవ్వడం మన చేతిలోని పని. మోగల్లు పల్లె నుండి బయలుదేరిన ఒక తెలుగు బిడ్డ తన బల్లమీద తప్పులు చేసి, దిద్దుకొని, దేశానికి యంత్రాలు ఇచ్చినాడు. సిరవార క్యాంపుల నుండి అటువంటివారు బయలుదేరగలరని మేము గట్టిగా నమ్ముతున్నాము.

సిరవార పరిసర గ్రామాలలోని తెలుగు కుటుంబాలకు, మనలను తమవారిగా చూచుకొంటున్న కన్నడ సోదరులకు మా నూతన సంవత్సర శుభాకాంక్షలు.